పదకొండు సెకన్ల దేవుడు

కరెంటు పోయిన తర్వాత జనరేటర్ అందుకోవడానికి పదకొండు సెకన్లు పడుతుంది. ఆ పదకొండు సెకన్లలో ఆసుపత్రి నాలుగు అంతస్తులూ కలిసి దేవుణ్ణి పిలుస్తాయి. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు పిలుస్తారు. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పిలుస్తారు. చేతికి ఖాళీ లేని డాక్టర్లు కూడా లోలోపల ఒకసారి తలుచుకుంటారు. పన్నెండో సెకన్లో లైట్లు వెలుగుతాయి. ఇక దేవుడు వచ్చిన దారినే వెళ్ళిపోవచ్చు, ఆయనతో ఎవరికీ పని లేదు. జనరేటర్‌తో ముందునుంచీ పని లేదు. అలాంటిదొకటి ఉందనే సగం మందికి తెలీదు.

ఈ లెక్క ఆసుపత్రి వెనక జనరేటర్ గదిలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆపరేటర్‌ది. మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నర్సులు ఎదురుగా 'బాబాయ్' అంటారు, వెనక 'చిర్రుబుర్రు' అంటారు. ఆ రెండో పేరు ఆయన చెవిన పడకపోలేదు. ఉన్న మాటే కదా అని దానికి మాత్రం కోపం తెచ్చుకోలేదు. యంత్రం రొదకి ఎడమ చెవి సగం పోయింది కాబట్టి ఆయన రహస్యం చెప్పినా వీధి చివరికి వినపడుతుంది.

పొద్దున్నే వచ్చి నూనె చూస్తాడు, నీళ్ళు చూస్తాడు, బ్యాటరీ చూస్తాడు, డీజిలు ట్యాంకులో కర్ర ముంచి చూస్తాడు. చూసినవన్నీ పుస్తకంలో టైముతో సహా రాస్తాడు. నిమిషం అటూ ఇటూ కానివ్వడు. ఆ పుస్తకంలో చివరి గడి పేరు 'గమనికలు'. వేరే ఆపరేటర్లు అక్కడ 'అంతా బాగుంది' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఈయన మాత్రం అక్కడే తన కోపమంతా రాసేవాడు.

దేవుడంటే ఆయనకి పడదు. లేడని కాదు. ఉన్నాడనే నమ్మకం, ఆ నమ్మకమే ఆయన కోపానికి మూలం. లేనివాడి మీద ఎవరికి మాత్రం కోపం వస్తుంది?

పదేళ్ళ వయసులో ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మకి ఊపిరాడలేదు. బయట కుండపోతగా వాన. ఇంటినిండా చుట్టాలు. పెదనాన్న అందర్నీ మంచం చుట్టూ కూర్చోబెట్టి కళ్ళు మూసుకుని మొక్కమన్నాడు. "ఎవరూ మధ్యలో లేవకండి. లేస్తే ఫలితం పోతుంది" అన్నాడు. పదేళ్ళవాడు కళ్ళు గట్టిగా మూసుకుని, వచ్చిన నాలుగు ముక్కలూ మళ్ళీ మళ్ళీ అన్నాడు. అమ్మ గొంతులోంచి వచ్చే గరగర మాత్రం తగ్గలేదు. పదమూడేళ్ళ అక్క ఒక్కతే లేచింది. పెదనాన్న చెయ్యి పట్టుకుని లాగినా విదిలించుకుని, చెప్పులైనా వేసుకోకుండా వానలో డాక్టరు ఇంటికి పరిగెత్తింది. డాక్టరు వచ్చాడు. గంట ముందు పిలవాల్సింది కదా అన్నాడు. అప్పటికి గరగర ఆగిపోయింది.

ఎన్నేళ్ళయినా ఆ గంట ఆయనకి అరగలేదు. ఇంకా అరగనిది ఏమిటంటే, అంత జరిగాక కూడా అక్క మొక్కడం మానలేదు. అట్టపెట్టెల కంపెనీలో పనిచేసి తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, ఈ ఉద్యోగంలో పెట్టించింది. పొద్దునా సాయంత్రం దేవుడితో మాట్లాడుతూనే ఉంది. భర్త పోయాక తమ్ముడి రెండు గదుల ఇంటికే వచ్చేసింది. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. వాడి కోపాన్ని భరించే పిల్ల ఇంకా పుట్టలేదని అక్క అందరికీ చెప్పేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "అందరూ కూర్చుని మొక్కుతుంటే నువ్వొక్కదానివే లేచి పరిగెత్తావు. మరి నీకెందుకే ఈ మొక్కులు?"

"పరిగెత్తినంతసేపూ మొక్కుతూనే ఉన్నాన్రా" అంది అక్క, చేటలో బియ్యం ఏరుకుంటూ. "కూర్చునే మొక్కాలని ఎవరన్నారు?"

మాటకి మాట తోచనప్పుడల్లా చేసినట్టే ఆయన తలుపు ధడాలున వేసి డ్యూటీకి పోయాడు.

ఏడు నెలల క్రితం ఆసుపత్రిలో ప్రార్థన గది కట్టారు. బాగైపోయిన పేషెంటు తాలూకు పెద్దలెవరో కట్టించి ఇచ్చారు. ఏ మతం వాళ్ళయినా వచ్చి కూర్చోవచ్చు. లేత నీలం గోడలు, ఆరు బెంచీలు, ఒక తివాచీ. ఎదురుగోడకి పెద్ద చెక్క పలక. మనసులో మాట చీటీ మీద రాసి దానికి గుచ్చిపోవచ్చు. మంచి ఆలోచనే, ఎవరు కాదన్నారు? కాకపోతే కట్టడానికి వాళ్ళకి భూమ్మీద ఇంకెక్కడా చోటు దొరకలేదు. జనరేటర్ గదికి ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో కట్టారు. జనరేటర్ వేడిగాలిని బయటికి తోసే దారి సరిగ్గా అక్కడే ఉంది. తలుపంత వెడల్పున ఇనుప రెక్కల కిటికీ అది. మోత వస్తోంది, సెగ కొడుతోంది, జనం ప్రశాంతంగా ఎలా కూర్చుంటారు అని ఆ కిటికీని ఇటుకలతో మూసి, సిమెంటు పూసి, నీలం రంగు వేసి, పైన చీటీల పలక బిగించారు.

ఆపరేటర్ మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు నలభై ఏళ్ళ మనిషి. గొంతు పెంచడు, నవ్వు తగ్గించడు.

"అది కిటికీ కాదండీ, దాని ముక్కు. ముక్కు మూస్తే ఎవరికైనా ఊపిరాడుతుందా?" అన్నాడు ఆపరేటర్.

"శనివారం శనివారం నడిపి చూస్తున్నారు కదా. బాగానే నడుస్తోందిగా?"

"లోడు లేకుండా పది నిమిషాలు నడిపితే ఏది నడవదండీ? ఆసుపత్రి మొత్తం మీద పడితే అరగంట ఆగదు. వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది."

"అరగంట కరెంటు పోయి ఎన్నేళ్ళయింది బాబాయ్?"

"పోయిన రోజున ఏం చేస్తారు?"

మేనేజరు నవ్వు చెక్కుచెదరలేదు. "అందుకే కదా ప్రార్థన గది కట్టాం" అన్నాడు సరదాగా. పక్కనున్న ఇద్దరు గుమాస్తాలు కిసుక్కుమన్నారు.

ఆపరేటర్ ఒళ్ళు భగ్గుమంది. ఆ రోజు గమనికల గడిలో రాశాడు: 'గాలి దారి మూసేశారు. పూర్తి లోడు మీద అరగంట నడవదు.' తర్వాతి వారం మళ్ళీ అదే రాశాడు. ఏడు నెలలు, వారానికొకసారి, అవే రెండు వాక్యాలు. ప్రతి పేజీ కింద మేనేజరు సంతకం ఉంది. చదివి పెట్టిన సంతకం కాదు, పేజీ తిప్పుతూ పెట్టింది.

ఇంటికొచ్చి అక్క మీద విరుచుకుపడేవాడు, ఆ గోడ అక్కే కట్టించినట్టు. అన్నం కలిపి కలిపి వదిలేసేవాడు. అక్క ఒకటి రెండు నెలలు విని విని, "ఆ గోడ పడేదాకా ఈ ఇంట్లో ముద్ద దిగేట్టు లేదు" అని విసుక్కుంది. తర్వాత అక్కకి కడుపులో గడ్డ అన్నారు. తమ్ముడి ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. గడ్డ తీశారు గానీ మూడో రోజున ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు.

అప్పట్నుంచి ఆపరేటర్ పొద్దునోసారి, సాయంత్రం ఓసారి ఐసీయూ అద్దంలోంచి చూసేవాడు. అక్క నోట్లో గొట్టం. యంత్రం ఉఫ్ఫుమన్నప్పుడల్లా అక్క ఛాతీ లేచేది. ఇక్కడ కూడా యంత్రమే, కింద కూడా యంత్రమే. ప్రార్థన గది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే ముఖం పక్కకి తిప్పుకునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండూ యాభై రెండుకి పేట మొత్తానికీ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. జనరేటర్ పదకొండు సెకన్లకి అందుకుంది. ఆపరేటర్ కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. వెంటనే ఏసీలు ఆపేశాడు, లిఫ్టులు ఆపేశాడు, వంటగది ఆపేశాడు. గది తలుపులు బార్లా తెరిచి, బల్ల ఫ్యాను తెచ్చి యంత్రం మీదికి పెట్టాడు. వేడి ముల్లు మాత్రం ఎక్కుతూనే ఉంది. ఎనభై ఎనిమిది. తొంభై రెండు. మేనేజరుకి ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నారన్నారు. తొంభై ఆరు.

మూడూ పదిహేడుకి యంత్రం ఒకసారి వణికి ఆగిపోయింది.

పైనుంచి ఒక్కసారిగా కేకలు. దేవుడా, దేవుడా అని నాలుగంతస్తులూ. ఈసారి పదకొండు సెకన్లయినా లైట్లు రాలేదు. వెంటిలేటర్లకి బ్యాటరీలున్నాయి, కానీ పాతవి. పావుగంట నిలబడితే గొప్ప. తర్వాత నర్సులు చేతుల్తో గాలి సంచీ నొక్కాలి. ఏడుగురు పేషెంట్లు, నలుగురు నర్సులు. ఈ లెక్క ఆయన ఏడు నెలలుగా చేస్తూనే ఉన్నాడు.

మూల ఉన్న సమ్మెట భుజానికెత్తుకున్నాడు. గాలి దారికి జనరేటర్ వైపునుంచి యంత్రాన్ని చల్లబరిచే రేడియేటర్ అడ్డం. మనిషి పట్టడు. పగలగొడితే ప్రార్థన గది వైపునుంచే పగలగొట్టాలి.

ప్రార్థన గదిలో తొమ్మిదిమంది ఉన్నారు, అందరూ ఐసీయూ పేషెంట్ల తాలూకు వాళ్ళే. కరెంటు పోగానే పరిగెత్తుకొచ్చి, చేతులు పట్టుకుని, చీటీల పలక ముందు గుంపుగా నిలబడ్డారు. ముందు నిలబడి మొక్కిస్తున్నది ఒక పెద్దాయన. దర్జీ. ఎనిమిది రోజుల క్రితం భార్యకి ఊపిరాడకపోతే దుకాణంలోంచి ఉన్నపళంగా వచ్చేసినట్టున్నాడు, మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"జరగండి, తప్పుకోండి! గోడ కొట్టాలి!" అని అరిచాడు ఆపరేటర్.

ఎవరూ కదల్లేదు. ఒకావిడ కళ్ళు తెరిచి సమ్మెట చూసి మళ్ళీ గట్టిగా మూసుకుంది. దర్జీ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఆగు బాబూ, దణ్ణం పెడతాను. మధ్యలో ఆపకూడదు. పూర్తి కానీ" అన్నాడు.

మధ్యలో ఆపకూడదు. ఆ మాట వినేసరికి ఆపరేటర్‌కి ఒళ్ళు తెలీలేదు. పదేళ్ళప్పటి వాన, పెదనాన్న గొంతు, ఆ గరగర అన్నీ కలిసి నెత్తికెక్కాయి.

"ఎవడయ్యా పూర్తి చేసేది? పైన గాలి అందక చస్తుంటే ఇక్కడ గాలికి అడ్డం నిలబడి గాలి ఇమ్మని మొక్కుతారా? మీ వెనకున్న గోడే మీవాళ్ళ గొంతు నొక్కుతోంది. అర్థమవుతోందా?"

"దేవుడి గోడ బాబూ..."

"దేవుడు గోడలు కట్టడు! మేనేజరు కట్టాడు! మా అక్క పైనుంది! నీకెవరున్నారు పైన?"

"మా ఆవిడ" అన్నాడు దర్జీ. ఏం చెయ్యాలో తోచని మనిషికి ఆ రోజు దొరికిన ఒకే ఒక పని ఆ ప్రార్థన. దాన్ని వదిలేస్తే చేతులు ఖాళీ. అందుకే వదల్లేకపోయాడు. తోసేద్దామని ఆపరేటర్ చెయ్యెత్తాడు గానీ, మెడలో ఆ టేపు చూసి ఎందుకో తోయలేకపోయాడు. వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఇటుకల వెనక ఏముందో, యంత్రం ఎందుకు ఆగిందో, అరుస్తూనే చెప్పాడు. దర్జీకి అర్థమైంది. చేతులు దించాడు. పలక ముందునుంచి పక్కకి జరిగాడు.

గోడ గడియారం మూడూ ఇరవై ఒకటి చూపిస్తోంది. ఆపరేటర్ లోపలికి వచ్చింది పంతొమ్మిదికి.

మొదటి దెబ్బకి చెక్క పలక రెండు ముక్కలై చీటీలన్నీ గదంతా ఎగిరిపడ్డాయి. రెండో దెబ్బకి నీలం పెచ్చు ఊడింది. మూడో దెబ్బనుంచి ఆయన నోరు కూడా లేచింది.

"వింటున్నావా? నీతోనే మాట్లాడుతున్నా! ఆ రోజు వానలో మా అక్క పరిగెత్తింది, నువ్వు కదల్లేదు. ఇవాళ నేను కొడుతున్నా, నువ్వు కదలట్లేదు. నలభై రెండేళ్ళు! నలభై రెండేళ్ళు నిన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. సాయం చెయ్యకపోతే మానెయ్, అడ్డం తప్పుకో! మా అక్కని ముట్టుకున్నావో, చూడు మరి! నీ గది ఒక్క ఇటుక మిగలనివ్వను!"

అది ప్రార్థన అని అప్పుడెవరైనా అనుంటే అదే సమ్మెటతో వాణ్ణి తరిమేవాడు.

గోడ గట్టిగానే కట్టారు. అవసరమైన పనులు అంత గట్టిగా చెయ్యరు. పది దెబ్బలకి ఒక ఇటుక కదిలింది. ఆ కన్నంలో వేళ్ళు దూర్చి దర్జీ లాగడం మొదలుపెట్టాడు. గుడ్డ కత్తిరించే సన్నటి వేళ్ళు, గోళ్ళు చిట్లి రక్తం వచ్చినా లాగుతూనే ఉన్నాడు. అతన్ని చూసి మిగతా ఎనిమిదిమందీ వచ్చారు. ఇటుకలు చేతులు మారి గుమ్మం బయటికి పోయాయి. ఇందాక కళ్ళు మూసుకున్న ఆవిడ కుళాయి దగ్గర్నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చింది. దారి తెరుచుకోగానే ఆ నీళ్ళు రేడియేటర్ మీద కుమ్మరించారు. ఆవిరి బుస్సుమని గది నిండింది. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచారు.

మూడూ నలభైకి జనరేటర్ అందుకుంది. సెగ ఒక్క ఊపున ప్రార్థన గదిలోంచి బయటికి కొట్టింది. చీటీలు ఎగిరి గుమ్మం దాటి పోయాయి. ముల్లు ఎనభై రెండు దగ్గర ఆగింది, ఇక ఎక్కలేదు.

ఆపరేటర్ మెట్లన్నీ ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. ఐసీయూ తలుపు దగ్గర పెద్ద నర్సు ఎదురైంది. ముంజేతులు రెండూ పట్టేసి వేలాడుతున్నాయి. "మీ అక్కకి గాలి సంచీ నేనే నొక్కాను బాబాయ్. ఉంది, ఉంది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మూడో మంచం ఆవిడ పోయింది. మూడూ ముప్పై ఎనిమిదికి. పొద్దుట్నుంచీ బాగా లేదులే."

"మూడో మంచం ఎవరు?"

"దర్జీ గారి భార్య."

వద్దన్నా ఆపరేటర్ బుర్ర లెక్క చేసేసింది. ముప్పై ఎనిమిది, నలభై. రెండు నిమిషాలు.

నాలుగు రోజుల తర్వాత మేనేజరు పిలిపించాడు. ఈసారి నవ్వు లేదు. ముందు జనరేటర్ పుస్తకం ఉంది.

"పై వాళ్ళు విచారణ వేశారు. ఒక ప్రాణం పోయింది కాబట్టి జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. "ప్రార్థన గదిలో మిమ్మల్ని ఎవరో రెండు నిమిషాలు అడ్డుకున్నారట కదా? చూసినవాళ్ళు చెప్పారు. మీరు ఆ మాట పుస్తకంలో రాయలేదు. రాయండి. జనం అడ్డుకోవడం వల్ల ఆలస్యమైంది అని. ఆసుపత్రికీ ఇబ్బంది ఉండదు, మీకూ ఉండదు. గోడ పగలగొట్టినందుకు మెమో కూడా ఇవ్వను."

ఆపరేటర్ పుస్తకం అందుకున్నాడు. రాస్తాడనుకుని మేనేజరు కలం మూత తీసి ఇచ్చాడు. ఆపరేటర్ మొదటి పేజీకి తిప్పి, పక్క గదుల్లోవాళ్ళకి కూడా వినపడే తన మామూలు గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"గాలి దారి మూసేశారు, పూర్తి లోడు మీద అరగంట నడవదు. కింద మీ సంతకం. గాలి దారి మూసేశారు, పూర్తి లోడు మీద అరగంట నడవదు. మీ సంతకం. గాలి దారి..."

"ఆపండి" అన్నాడు మేనేజరు.

"ఇంకా ఇరవై ఏడున్నాయండీ. అన్నిటికీ సంతకాలున్నాయి." పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడి నెత్తిన మీ గోడ పెట్టమంటారా? సిగ్గు లేకపోతే సరి. ఇది నేనే తీసుకెళ్ళి విచారణవాళ్ళకి ఇస్తా. మెమో ఇచ్చుకోండి. అద్దం కట్టించి పెట్టుకుంటా."

ఆ సాయంత్రానికే మెమో వచ్చింది. ప్రార్థనా స్థలాన్ని ధ్వంసం చేసి భక్తుల మనోభావాలు గాయపరిచినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

వారానికి అక్క గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయింది. మొదట అడిగింది నీళ్ళు. రెండోది, "అన్నం తింటున్నావా?" జరిగిందంతా పెద్ద నర్సు ముందే చెప్పేసినట్టుంది, తమ్ముణ్ణి తేరిపార చూసింది.

"మొక్కావటగా?"

"మొక్కలేదు. తిట్టాను."

"ఆయన్నే కదా తిట్టింది?"

"మరెవర్ని?"

"అయితే వినే ఉంటాడులే" అంది అక్క.

ఆపరేటర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "విన్నాడా? నా మాట విన్నవాడు ఆ దర్జీ మాట ఎందుకు వినలేదే? నేను బూతులు తిట్టాను, ఆయన చేతులెత్తి మొక్కాడు. ఎనిమిది రోజులు మొక్కాడు. నిన్ను ఉంచి ఆవిణ్ణి తీసుకెళ్ళాడు, ఏ లెక్కన చూశాడో చెప్పు!"

అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకూ తెలీదురా. అరవై ఏళ్ళకి దగ్గరపడ్డాను, ఇంకా తెలీలేదు" అంది. "కోపం ఉంటే ఉండనీ. వెళ్ళి ఆయన్నే అడుగు. నన్నడిగితే ఏం లాభం?"

జీవితంలో మొదటిసారి అక్క మాటకి తలుపు ధడాలున వెయ్యకుండా బయటికొచ్చాడు.

ప్రార్థన గది గుమ్మానికి తాడు కట్టి ఉంది. దాని కిందనుంచి దూరి వెళ్ళాడు. కూలిన గోడలోంచి యంత్రం కనబడుతోంది. ముందు బెంచీ మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు లేదు. ఒళ్ళో తెల్లగుడ్డతో కుట్టిన చిన్న సంచీ ఉంది.

"మట్టిలో తొక్కుళ్ళు పడుతున్నాయని చీటీలన్నీ ఏరాను. ఎవరి మాట వాళ్ళది కదా, పారెయ్యలేం" అన్నాడు. సంచీలోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. "ఇది మీ గురించేమో చూడండి."

అక్క రాత. ఆపరేషన్‌కి ముందు రోజు తారీకు. 'తండ్రీ, నా గడ్డ సంగతి నీ ఇష్టం. ఆ జనరేటర్ దగ్గర గోడ మాత్రం ఎలాగైనా పడగొట్టించు. మా తమ్ముడు సరిగ్గా అన్నం తినడం లేదు.'

ఆపరేటర్ దాన్ని రెండుసార్లు చదివాడు. నవ్వొచ్చింది, ఆ వెంటే గొంతులోంచి ఏడుపూ వచ్చింది, దాని వెనకే కోపం. అడిగిన గోడ పడింది. ఎవరి ప్రాణం ఖరీదు పెట్టి పడగొట్టించాడు దేవుడు? అదే సంచీలో దర్జీ రాసిన చీటీలు ఎనిమిది ఉంటాయి, రోజుకొకటి. అదే పలక మీద, అవే గుండుసూదులతో గుచ్చినవి. చీటీ జేబులో పెట్టుకుని దర్జీ పక్కన కూర్చున్నాడు.

దర్జీ కూలిన గోడకేసే చూస్తున్నాడు. "ముప్పై ఎనిమిదికి పోయిందట. నలభైకి కరెంటు వచ్చిందట" అన్నాడు. "నేను చేతులు చాపి నిలబడ్డది ఎంతసేపు బాబూ? మీరు టైము రాస్తారటగా. చెప్పండి. రెండు నిమిషాలేనా?"

ముల్లు చూసి చెప్పగలిగినవన్నీ ఆపరేటర్ ముఖం మీదే చెప్పేవాడు. ఎవరు బాధపడినా లెక్కచేసేవాడు కాదు. ఈ సంగతి చెప్పే ముల్లు ఏ యంత్రానికీ లేదు. విచారణవాళ్ళు పిలిచేదాకా ఎవరి చేతికీ ఇవ్వకుండా చంకలోనే పెట్టుకు తిరుగుతున్న పుస్తకం తీసి, ఆ రోజు పేజీ తెరిచి దర్జీ చేతిలో పెట్టాడు.

దర్జీ వేలు పెట్టి చదివాడు. '3.17. వేడికి ఆగింది. 3.21. ప్రార్థన గదిలోకి వెళ్ళాను. 3.21. మొదటి దెబ్బ. 3.40. నడిచింది.' ఆ రెండు ఇరవై ఒకటుల దగ్గర వేలు ఆగిపోయింది.

"మీ గడియారం తప్పేమో బాబూ" అన్నాడు దర్జీ చివరికి, వినీవినపడకుండా.

"నా గడియారం ఇరవై ఆరేళ్ళలో ఒక్క నిమిషం తప్పలేదు" అన్నాడు ఆపరేటర్. ఎప్పట్లాగే అరిచినట్టే అన్నాడు. "రెండు నిమిషాలు కాదయ్యా. ఏడు నెలలు. ఆ ముందు పేజీలు చదువు. అన్నిటి కిందా సంతకాలున్నాయి."

దర్జీ పేజీలు తిప్పలేదు. పుస్తకం మీద ముఖం ఆనించుకుని ఏడ్చాడు. ఆపరేటర్ అతని వీపు మీద చెయ్యి వేసి, కూలిన గోడలోంచి పైకి చూస్తూ, లోలోపల దేవుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. ఈసారి తిట్టిందంతా దర్జీ కోసమే.